గరాజ్‌లో రెండు ఇంజన్లు

మా గరాజ్‌లో ఇప్పుడు రెండు ఇంజన్లున్నాయి. కారు మాత్రం ఒకటే. ఒక ఇంజను కారు వెనకాల దాని చోట అది ఉంది. రెండోది గోడ వారగా, చెక్క పాలెట్ మీద, పాత దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఇంటికొచ్చినవాళ్ళు ఆ దుప్పటి ఎత్తి చూసి "ఇదేంటండీ?" అంటారు. "మా మామయ్యగారు ఉంచమన్నారండీ" అంటాను. అంతకు మించి చెప్పాలంటే కాఫీ రెండు సార్లు పెట్టాలి. ఇవాళ ఇంట్లో ఎవరూ లేరు, తీరిగ్గా రాద్దామని కూర్చున్నాను.

మావారికి పాత కార్ల పిచ్చి అని పెళ్ళినాటికి నాకు తెలీదు. తెలిసే అవకాశమూ లేదు. అప్పుడాయన దగ్గర ఉన్నదల్లా ఒక హీరో హోండా. అమెరికా వచ్చి, ఏళ్ళ తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని, ఇల్లు కొని, ఐదేళ్ళ కిందట ఒక శనివారం పొద్దున పాలకి వెళ్ళొస్తానని చెప్పి పసుప్పచ్చ పోర్షా 911 వేసుకొచ్చారు. 1974 మోడల్. "నేను పుట్టిన ఏడాది బండి" అన్నారు, అదే కారణం సరిపోతుందన్నట్టు. ధర నాకొకటి చెప్పారు. ఇన్సూరెన్సు కాగితంలో ఇంకొకటి ఉంది. ఆ రెంటికీ మధ్య తేడా మీద మేం మాట్లాడుకోకుండా గడిపిన వారం గురించి ఇక్కడ రాయను.

పాలు కూడా తేలేదు.

ఈ బండి సంగతి తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. ముందు మూత ఎత్తితే ఖాళీగా ఉంటుంది, సామాను పెట్టుకోవడానికి. ఇంజను వెనక చక్రాలకి కూడా వెనకాల వేలాడుతుంటుంది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదట చూపించినప్పుడు దీని పేరు 901 అట. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి అని ఫ్రాన్సులో ప్యూజో కంపెనీ అడ్డం పడితే 911 చేశారట. నీళ్ళు లేవు, రేడియేటర్ లేదు. ఒక పెద్ద ఫ్యాను గాలి కొడుతుంటే మన బజాజ్ చేతక్ లాగా గాలికే చల్లబడాలి. మిగతా వేడంతా ఆయిల్ మోయాలి. ఆ ఆయిలూ రెండు మూడు లీటర్లు కాదు, పది లీటర్ల పైమాటే. దీన్ని డ్రై సంపు అంటారని మావారు చెప్తే నేను చాలాసేపు నవ్వాను. సంపంటే నాకు తెలిసింది గుడివాడలో అత్తగారింటి వాకిట్లో ఉన్న నీళ్ళ సంపే. అది డ్రై అయితే వీధి వీధంతా బిందెలతో నిలబడేది.

ఆరు సిలిండర్లు, అటు మూడు ఇటు మూడు, పడుకుని ఉంటాయి. ఆ చప్పుడు మాత్రం బావుంటుంది. ఒప్పుకుంటాను.

నిరుడు ఫిబ్రవరిలో ఆ చప్పుడులో ఇంకో చప్పుడు చేరింది. టిక్ టిక్ మని, మూత సరిగ్గా పడని కుక్కర్ అంచు నుంచి ఆవిరి తప్పించుకున్నట్టు. పాత బండ్లు చూసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, ఒక్కో సిలిండర్లోకీ గాలి పట్టించి ఎంత లీకవుతోందో చూసి, చెయ్యి తుడుచుకుంటూ మావారిని పక్కకి పిలిచాడు. డాక్టర్లు పిలిచినట్టే. 

సంగతేమిటంటే, ఆ ఏడాది నుంచి వచ్చిన 2.7 లీటర్ల ఇంజన్లలో కింది పెట్టె మెగ్నీషియంతో పోతపోసింది. తేలికగా ఉండాలని. సిలిండర్లనీ హెడ్లనీ ఆ పెట్టెకి బిగించి ఉంచేవి పొడుగాటి స్టడ్లు. వేడికి మెగ్నీషియం ఎక్కువ సాగుతుంది, ఉక్కు స్టడ్డు తక్కువ సాగుతుంది. సాగి ముడుచుకుని, సాగి ముడుచుకుని, యాభై ఏళ్ళలో పెట్టెలో మరలు ఊడొచ్చేస్తాయి. తడి నేలలో పాతిన పందిరి గుంజ చేత్తో లాగితే వచ్చినట్టు. మా బండిలో అలా నాలుగు వచ్చేశాయి. మిగతావి ఎప్పుడొస్తాయో చెప్పలేమన్నాడు.

పెట్టెకి కొత్త మరల బుషులు వేయించి, మళ్ళీ తిన్నగా బోరు చేయించి, మొత్తం కట్టాలంటే ఆయన చెప్పిన అంకె మా అమ్మాయి కాలేజీకి మొదటి ఏడాది మేం కట్టాల్సిన దానికి దగ్గర్లో ఉంది. అమ్మాయి పన్నెండో తరగతిలోకి రాబోతోంది. నేను బీఏ తెలుగు చదివినా, ఇంటి లెక్కలు మాత్రం పుస్తకంలో గీతలు కొట్టి మరీ రాస్తాను. ఆ రాత్రి పుస్తకంలో ఒక అంకె వేసి దాని చుట్టూ సున్నా చుట్టి ఆయనకి చూపించాను. పన్నెండు వేల డాలర్లు. అది దాటితే బండి అమ్మేద్దాం, ఎవరికి కావాలంటే వాళ్ళు బాగుచేయించుకుంటారు.

ఆయన ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఇంట్లో ఇంజన్ల పారాయణం మొదలైంది.

ఈ 911కి ఒక గుణం ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా అదే ఆకారం ఇంజనుని పెంచుకుంటూ వచ్చారు. అందుకని తర్వాతి బండి ఇంజను ముందు బండిలో కూర్చుంటుంది. అలా మాకు మూడు సంబంధాలు వచ్చాయి. ఒకటి 1978 నుంచి 83 దాకా వచ్చిన 3.0. పెట్టె మెగ్నీషియం కాదు, అల్యూమినియం. రెండోది 1984 నుంచి వచ్చిన 3.2. దాన్ని నడిపేది కంప్యూటర్. మూడోది 3.6. మా బండి పుట్టినప్పుడు 150 గుర్రాల బలం, ఈ 3.6 పెడితే 250కి దగ్గర. సిలిండరుకి రెండేసి చొప్పున పన్నెండు ప్లగ్గులు. మావారి మనసు దాని మీదే. పెళ్ళికొడుకు ఆస్తి చెప్పినట్టు రోజూ భోజనం దగ్గర దాని గుణగణాలు చెప్పేవారు. దానికి తోడు మాది 1974 బండి కాబట్టి కాలిఫోర్నియాలో పొగ పరీక్ష లేదు. 1975 దాకా వచ్చిన వాటికి మినహాయింపు. రెండేళ్ళు చిన్నదైతే ఇంజను మార్చినందుకు ఏ గొట్టం ఎక్కడుండాలో అన్నీ వాళ్ళకి చూపించి ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది. "మనకా బాధ లేదుగా" అనేవారు. పన్నెండు వేల బాధ మాత్రం ఉంది కదా అని నేననేదాన్ని.

ఏప్రిల్లో మా మామయ్యగారొచ్చారు.

అత్తయ్యగారు పోయి అప్పటికి ఏడాదిన్నర. ఒక్కరే గుడివాడలో ఉండటం మాకిష్టం లేక ఆరు నెలలకని రప్పించాం. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరి, మెకానిక్‌గానే రిటైరయ్యారు. లేలాండ్ ఇంజన్లు విప్పి కట్టిన చేతులు. ఆ చేతులకి ఇక్కడ పని లేదు. పొద్దున్నే లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సోఫా అంచు మీద బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చునేవారు. నేను గిన్నెలు తోముతుంటే "నేను తుడవనా అమ్మా?" అని వచ్చేవారు. తండ్రీ కొడుకులిద్దరూ ఒక గదిలో ఉంటే టీవీ ఒక్కటే మాట్లాడేది.

దానికో వెనకటి కథ ఉంది. మావారు తొమ్మిదో తరగతిలో ఉండగా వేసవి సెలవుల్లో క్యారేజీ ఇవ్వడానికి డిపోకి వెళ్ళి, తిరిగి రాకుండా అక్కడే ఒక కుర్రాడి పక్కన కూర్చుని పానా పట్టుకుని ఏదో బోల్టు విప్పుతున్నారట. మామయ్యగారు చూసి, అందరి ముందూ చెయ్యి మీద కొట్టారట. "ఈ చేతులు నాకే చాలు, నువ్వు చదువుకో" అని. ఆ తర్వాత ఆయన కొడుకుని డిపో గేటు దాటనివ్వలేదు. మావారు చదువుకున్నారు, బాగానే చదువుకున్నారు. ఇదంతా నాకు చెప్పింది అత్తయ్యగారు. మావారు ఎప్పుడూ చెప్పలేదు.

కాబట్టి కారు కొన్న సంగతి మామయ్యగారికి తెలీదు. వచ్చేముందు దాని మీద గుడ్డ కప్పేశారు. యాభై ఏళ్ళ మనిషి నాన్న నుంచి సిగరెట్ పెట్టె దాచినట్టు కారుని దాచారు. ఎన్నాళ్ళు దాగుతుంది? వాషింగ్ మెషీన్ గరాజ్‌లోనే ఉంది. వారం తిరక్కుండా ఆయనే "ఏంటమ్మా ఇది, ఎత్తుగా లేదు, పొట్టిగా ఉంది" అని గుడ్డ తీశారు. చుట్టూ తిరిగారు. ముందు మూత ఎత్తి చూసి, మూసి, వెనక్కెళ్ళారు. "మా గరుడ బస్సులకీ వెనకాలే" అన్నారు. ఇంజను వైపు వంగి అరగంట అలాగే ఉన్నారు. సాయంత్రం కొడుకు రాగానే అడిగింది ఒక్కటే: "ఆయిలెక్కడ చూస్తారు దీనికి?"

బాగా వేడెక్కాక, ఇంజను నడుస్తుండగానే చూడాలని మావారు చెప్పారు. మామయ్యగారు నమ్మలేదు. మేము పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే చూస్తామన్నారు. ఎందుకలా అని ఒకరు, ఇలా అని ఒకరు, అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోగా నేను చూడలేదు. రెండో సారి అన్నం వేడి చేసి పెట్టాను.

ధర మాత్రం అడగలేదు. మేమూ చెప్పలేదు.

ఇంజను మార్చాలని తెలిశాక ఆయన రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి కొడుకు 3.6 గురించి చెప్తుంటే అన్నీ విని, "బ్రేకులు ఏ బండివి?" అన్నారు. పాతవే అన్నారు మావారు. "గేరు పెట్టె?" అదీ పాతదే. "మరి రెండొందల యాభై గుర్రాల్ని ఎవరాపుతారు?" ఆ ప్రశ్నకి జవాబు ఉంది, బ్రేకులు కూడా మార్చొచ్చు. కానీ ఆ జవాబు చెప్తే నా పుస్తకంలో సున్నా చుట్టిన అంకె దాటిపోతుందని మావారికి తెలుసు. ఆయన నా వంక చూశారు. నేను పెరుగు వడ్డించుకున్నాను.

3.2 దగ్గర ఇంకో ప్రశ్న వేశారు. "దార్లో ఆగిపోతే నువ్వు బాగుచెయ్యగలవా?" ఆ ఇంజనులో ఒక చిన్న రిలే ఉంటుందట, అది పోతే ఎంత మంచి ఇంజనైనా రోడ్డు పక్కన నిలబడిపోతుందట. ఒకటి అదనంగా పెట్టుకుని తిరుగుతారని మావారన్నారు. మామయ్యగారికి అది నచ్చలేదు. నిజం చెప్పాలంటే నాకు 3.2 బావుంటుందనిపించింది. కంప్యూటరున్నది కదా, మా ఇంట్లో బాగుచేసుకోవడానికి కంప్యూటర్ మనిషున్నాడు. ఆ మాటే అన్నాను. ఇద్దరూ ఒకేసారి తలలు అడ్డంగా ఊపారు. అచ్చం ఒక్కలాగే. మా అమ్మాయి ఫక్కున నవ్వింది.

అలా 3.0 మిగిలింది. 180 గుర్రాలు. అల్యూమినియం పెట్టె. పెట్రోలు పోసే పద్ధతి మా బండిలో ఉన్న లాంటిదే, అంతా గాలి కదలిక మీద నడిచేది. నిప్పు రవ్వ ఇచ్చే డబ్బా ఒకటి మార్చుకోవాలి, ఇంకా చిల్లర మల్లర. పాత గేరు పెట్టెకే బిగుసుకుంటుంది. మావారి మొహంలో, చూసిన సంబంధం తప్పిపోయి మేనరికం కుదిరిన పెళ్ళికొడుకు కళ ఉంది.

జులైలో సాక్రమెంటో దాటాక ఒక ఊళ్ళో ఇంజను ఉందంటే ముగ్గురం వెళ్ళాం. నన్నెందుకు తీసుకెళ్ళారంటే, మామయ్యగారికి ఇంగ్లీషు రాదు, మావారికి బేరం రాదు. అమ్మే ఆయన డెబ్భై దాటిన పెద్దమనిషి. ముందు గుద్దుకుపోయిన 1981 బండిలోంచి తీసి స్టాండు మీద పెట్టుకున్నాడు. తొమ్మిది వేలు చెప్పాడు. కంప్రెషన్ అంకెలు కాగితం మీద రాసి చూపించాడు, ఆరు సిలిండర్లూ బాగున్నాయి. మావారు అప్పుడే చెక్కు రాసేలా ఉన్నారు.

మామయ్యగారు ఇంజను చుట్టూ రెండు సార్లు తిరిగి, కింద పక్కనున్న మూతలు చూపించి, "ఇవి విప్పమని అడుగమ్మా" అన్నారు. ఎందుకని అడిగితే, "పైవి అందరూ చూస్తారు" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆ పెద్దాయన భుజాలెగరేసి, పానా తీసి ఆయన చేతికే ఇచ్చాడు. మామయ్యగారు చొక్కా చేతులు మడిచారు. ఎడమ పక్క మూతలో కాస్త నల్ల ఆయిలు తప్ప ఏమీ లేదు. కుడి పక్క మూత వదులు చేసి, కింద అరచెయ్యి పట్టి, మెల్లగా దించారు. ఆయిలుతో పాటు ఒక నట్టు వచ్చి ఆయన అరచేతిలో పడింది. దానికి విరిగిన స్టడ్డు ముక్క ఇంకా అంటుకునే ఉంది.

ఎవరూ మాట్లాడలేదు. ఆ ఇంజన్లలో కింది వరస స్టడ్లు ఇలా విరుగుతాయని మావారు ఎన్నో రాత్రులు చదివారు, తర్వాత ఒప్పుకున్నారు. చదివీ, మూత విప్పమని అడగటానికి మొహమాటపడ్డారు. అమ్మే పెద్దాయన ఆ ముక్కని కళ్ళజోడు పెట్టుకుని చూసి, నిజంగానే బాధపడ్డాడు. ఆ బండిని పదిహేనేళ్ళు నడిపాడట, అది ఎప్పుడు విరిగిందో కూడా తెలీదట.

వెళ్ళిపోదామని మావారు తాళాలు తీశారు. మామయ్యగారు ఆపారు. "ఎక్కడ పోయిందో తెలిసింది కదరా. ఎలాగూ అన్నీ మార్చాలి. ఇంకోచోట కొంటే ఎక్కడ పోయిందో మనకి తెలీదు." నాతో "ఆరున్నర అడుగమ్మా" అన్నారు. అడిగాను. ఆయన ఆ నట్టు ముక్కని కాసేపు అరచేతిలో తిప్పి, సరే అన్నాడు. పోయేముందు దాన్ని మామయ్యగారికి ఇచ్చేశాడు. అది ఇప్పుడు గుడివాడలో దేవుడి అలమర పక్కన ఉంది, ఎందుకో నన్నడగొద్దు.

పాత ఇంజను దించడం నేను అనుకున్నంత కష్టమేం కాదు, కష్టమే. గేరు పెట్టెతో కలిపి దాన్ని పట్టి ఉంచేవి నాలుగే పెద్ద బోల్టులు. వాటి దాకా చేరడానికి రెండు శనాదివారాలు పట్టింది. బండి వెనక భాగం ఎత్తి, ఇంజనుని కింద జాకీ మీదకి దించి, పక్కకి లాగారు. మామయ్యగారికి మోకాళ్ళు వంగవు. ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి బోల్టునీ కడిగి, తుడిచి, వరసలో పెట్టేవారు. ఎక్కడ పెట్టేవారంటే నా ఇడ్లీ పళ్ళేల్లో. నాలుగు పళ్ళేలు, ఒక్కో గుంటకి ఒక్కో రకం. వాటిలో ఇడ్లీ పెట్టడం అంతటితో సరి. అడిగితే, "డిపోలోనూ ఇవే వాడేవాళ్ళం తల్లీ, ఇంతకంటే మంచివి లేవు" అన్నారు.

కొత్తదాని హెడ్లు విప్పి, విరిగిన మొండాన్ని ఊడదీసే పని మాత్రం ఆ షాపు పెద్దాయనకి ఇచ్చాం. కింది వరస మొత్తం ఉక్కు స్టడ్లు వేయించాం. టైమింగ్ చైన్లని బిగువుగా ఉంచేవి కూడా 3.2లో వచ్చే ఆయిలుతో పనిచేసే రకం పెట్టించాం, పాతవి కూలిపోతే ఇంజను కూలిపోయినట్టేనట. ముందు కుడి చక్రం దగ్గర ఆయిలు చల్లబరిచేది ఒకటి చేరింది. నా లెక్క పదమూడు వేల మూడొందలకి చేరింది. సున్నా చుట్టిన అంకెని కొట్టేసి పక్కన ఇంకో అంకె రాశాను. అది ఒక్కసారే, మళ్ళీ అడగొద్దని చెప్పి.

సెప్టెంబరులో ఒక రాత్రి బట్టలు ఆరేయడానికి గరాజ్‌లోకి వెళ్ళబోయి తలుపు దగ్గరే ఆగిపోయాను. మావారు హెడ్డు నట్లు బిగిస్తున్నారు, మామయ్యగారు స్టూలు మీద కూర్చుని వరస చెప్తున్నారు. మధ్యలోంచి బయటికి, కొంచెం కొంచెంగా, అన్నీ ఒకే బిగువు. పానా జారి మావారి వేళ్ళ మీద చర్మం లేచిపోయింది. మామయ్యగారు భుజం మీది తువ్వాలు తీసి ఆ చెయ్యి పట్టుకుని తుడిచారు. తుడిచి, వెంటనే వదల్లేదు. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "గట్టి చేతులేరా" అన్నారు. మావారు "ఊఁ" అన్నారు. నేను తడి బట్టల బుట్టతో వెనక్కొచ్చేశాను.

అక్టోబరు పదో తారీకుకి ఆయన ఆరు నెలలూ అయిపోయాయి. ఇంజను ఇంకా స్టాండు మీదే ఉంది. ఉండిపొమ్మని, పొడిగింపుకి రాద్దామని మావారు అన్నారు. అత్తయ్యగారి సంవత్సరీకాలకి ఇంట్లో ఉండాలని ఆయన ఒప్పుకోలేదు. ఎయిర్‌పోర్టులో కూడా వాళ్ళు మాట్లాడుకున్నది ట్యాపెట్ల గురించే. పాయింట్ ఒకటి మిల్లీమీటరు, ఫీలర్ గేజు కాస్త పట్టుకుని జారాలి, అంతకంటే బిగువైతే ప్రమాదం, వదులైతే చప్పుడు.

జనవరిలో ఒక శనివారం రాత్రి ఎనిమిదింటికి ఇంజను బండిలో ఉంది, ఆయిలు పోసి ఉంది. గుడివాడలో ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. వీడియో కాల్లో మామయ్యగారు ఇస్త్రీ చొక్కాతో వరండాలో కూర్చున్నారు, వెనకాల నీళ్ళ సంపు కనిపిస్తోంది. అమ్మాయి ఫోను పట్టుకుంది. మావారు తాళం తిప్పారు. నాలుగు సార్లు తిప్పినా అందుకోలేదు. ఐదో సారి దగ్గి, తెల్లటి పొగ ఒకటి వదిలి, అందుకుంది. గరాజ్ తలుపు అద్దాలు కదిలాయి. అమ్మాయి కేకలేసింది. మావారు స్టీరింగ్ పట్టుకుని అలా కూర్చుండిపోయారు.

మామయ్యగారు చెయ్యెత్తి అందర్నీ మాట్లాడొద్దన్నారు. ఫోను ఇంజను దగ్గరికి పెట్టమన్నారు. వేల మైళ్ళ దూరం నుంచి, ఆ నాసి స్పీకర్లో, కళ్ళు మూసుకుని విన్నారు.

"కుడి పక్క ట్యాపెట్ ఒకటి మోగుతోంది. చల్లారాక చూసుకో."

"రేపు చూస్తాను నాన్నా."

"అన్నీ చూడు. ఒక్కటే చూసి మానెయ్యకు. ఒరేయ్, ఆ పాతది అమ్మేశావా?"

దాని మీద కొట్టిన నంబరే బండి కాగితాల్లో ఉంది కాబట్టి కొనేవాళ్ళకి విలువ అని, అందుకే ఎవరో అడిగారని మావారన్నారు.

"అమ్మకు. దాని తప్పేం లేదు, వేడికి పాపం అదేం చేస్తుంది. నేనొచ్చాక విప్పుదాం, ఆ మరలు కూర్చోబెట్టడం నేను చూడాలి."

ఎంతవుతుందో అడగలేదు. నేనూ పుస్తకం తియ్యలేదు. ఫోను అమ్మాయి దగ్గర తీసుకుని, వచ్చేటప్పుడు ఇడ్లీ పళ్ళేలు రెండు సెట్లు తెమ్మని మాత్రం చెప్పాను.